గోడ మీది గుర్తు

(మదనపల్లెలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో, ఆర్టిస్టుగా పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. సంఘానికి కొత్త చిహ్నం తయారు చేసే బాధ్యతను కార్యవర్గం వీరికి అప్పగించింది.)



నాకు మైకు అలవాటు లేదు. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వంలో బొమ్మలు వేశాను గాని, నిలబడి మాట్లాడే పని ఎన్నడూ పడలేదు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన వారు నా తర్వాత ఉన్నారు. మీరంతా వారి కోసమే కూర్చున్నారని నాకు తెలుసు.

కార్యవర్గం వారు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. సంఘం చిహ్నంలో ఏమేమి ఉండాలో అందులో రాశారు. మధ్యలో మూడు సింహాలు, వెనక ఉదయించే సూర్యుడు, ముందు ఒక దీపం, దాని పక్కన కలిసిన రెండు చేతులు, తెరిచిన పుస్తకం, చుట్టూ వరి కంకులు, అడుగున రిబ్బను, రిబ్బను మీద ఇంగ్లీషులో సంఘం పూర్తి పేరు. వీలైతే ఒక మూల ఠాగూరు గారు. (నవ్వులు) ఆయన 1919 లో మన బీసెంట్ కాలేజీకి వచ్చి జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు గదా, అప్పటినుంచి మదనపల్లెలో ఏ సంస్థ బోర్డు రాయమన్నా ఆ గడ్డం తప్పదు. ఈ కాగితం చూసి మా ఇంటామె, ఇది చిహ్నమా, ఇల్లు మారేటప్పుడు సామాన్లు వేసుకొనే లారీనా అని అడిగింది.

కాదనడానికి నేను ఇక్కడికి రాలేదు. ఎందుకు ఇన్ని పెట్టలేనో చెప్పుకోవడానికి వచ్చాను. అందుకు నా ఉద్యోగం సంగతి కొంత చెప్పాలి.

నేను 1970 లో చేరాను. ఒక జీపు, దానికొక డ్రైవరు, నాలుగు డబ్బాల ఎనామెల్ పెయింటు, సుద్దపొడి, నూలుదారం. పని ఏమిటంటే ఊరూరా ఎర్ర త్రికోణం వేయడం. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా ఎన్ని గోడల మీద వేశానో లెక్క లేదు. దారాన్ని సుద్దలో ముంచి, డ్రైవరు ఒక కొస, నేను ఒక కొస పట్టుకొని గోడకు బిగించి ఒక్కసారి చిటికిస్తే తెల్లగీత పడుతుంది. మూడు గీతలు పడితే త్రికోణం. నాలుగు నిమిషాల పని.

ఆ నాలుగు నిమిషాల వెనక ఒక పెద్ద బుర్ర ఉంది. కేంద్ర ప్రభుత్వ కుటుంబ నియంత్రణ విభాగంలో పనిచేసిన డి.కె. త్యాగి గారు 1960ల చివర రూపొందించిన గుర్తు అది. దీప్ త్యాగి అనేవారు. 1969 లోనే చనిపోయారు. దేశంలో ఎక్కువమందికి చదువు రాదు, ప్రతి రాష్ట్రానికీ ఒక భాష, పల్లెలో దొరికే పెయింటరుకు ముఖం వేయడం రాదు. ఈ మూడు కష్టాలనూ దాటే గుర్తు కావాలి. మూడు గీతలు, ఒక రంగు. మొన కిందికి ఉంటుంది కాబట్టి వేరే దేనితోనూ కలిసిపోదు. తర్వాత ఘనా, ఈజిప్టు వంటి దేశాలు కూడా ఎర్ర త్రికోణాన్నే పెట్టుకున్నాయి.

త్రికోణంతో బాటు నాలుగు ముఖాల బొమ్మ ఒకటి ఉండేది. తండ్రి, తల్లి, కొడుకు, కూతురు. దానితోనే తంటా. ఒక ఊళ్ళో తండ్రి రామారావు గారిలా వస్తే, పక్క ఊళ్ళో నాగేశ్వరరావు గారిలా వచ్చేవాడు. తల్లి మాత్రం ఎప్పుడూ సావిత్రే. త్రికోణం ఏ ఊళ్ళోనూ మారలేదు.

అట్లా అనుకుంటున్న రోజుల్లోనే పుంగనూరు దగ్గర ఒక పల్లెలో చూశాను. నేను ఆర్నెల్ల కింద వేసిన త్రికోణానికి ఎవరో పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కింద దీపం వెలిగించారు. ఆ ఇంటి అవ్వ నన్ను చూసి, "ఏం అమ్మవారు సామీ ఇది? నువ్వు చెప్పకుండా పోతివి" అంది. ఆలోచిస్తే ఆమె తప్పేముంది? మొన కిందికి ఉన్న త్రికోణం యంత్రాలలో అమ్మవారిది. రంగు ఎరుపు. సుగుటూరు గంగమ్మ జాతర చేసుకొనే సీమ. చెరిపేద్దామా అంటే మా మిడ్‌వైఫ్ వద్దంది. పసుపు రాసిన గోడకు ఎవరూ పిడకలు కొట్టరు, ఉండనీ అంది. ఉండనిచ్చాము. ఆ ఊళ్ళో మా మాట బాగానే విన్నారు.

తర్వాత 1975 లో ఎమర్జెన్సీ వచ్చింది. ఈ హాల్లో ఉన్న ఉపాధ్యాయులకు, గ్రామసేవకులకు నేను చెప్పనక్కరలేదు. కేసులు తెస్తేనే జీతం అన్న రోజులు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిలో జరిగినంత ఘోరం మన వైపు జరగలేదు. అయినా భయం రైలెక్కి రాకపోదు గదా. జీపు మీద త్రికోణం కనపడితే చాలు, మగవాళ్ళు శెనక్కాయ చేలల్లోకి పోయి దాక్కునేవాళ్ళు. మా డ్రైవరు ఊరి బయటే జీపు ఆపి, "సార్, ఈ బొమ్మ మీద గోనెపట్ట కప్పుదామా?" అని అడిగాడు. ఆ పల్లెకు పోతే అవ్వ గోడకు సున్నం కొట్టించేసింది. పసుపు లేదు, దీపం లేదు, త్రికోణమూ లేదు. అవ్వ నాతో మాట్లాడలేదు.

నేను వేసిన బొమ్మలో ఒక అంగుళం తేడా లేదు. అదే కొలత, అదే ఎరుపు. మారింది దాని వెనక వచ్చిన మనుషుల నడత. అది ఏ బ్రష్షుతోనూ దిద్దేది కాదు.

1977 తర్వాత శాఖ పేరు మార్చారు. కుటుంబ నియంత్రణ పోయి కుటుంబ సంక్షేమం అయింది. బోర్డులన్నీ తిరగరాయాలి. ఒక చిన్న ఇబ్బంది చెబుతాను, ఈ పని తెలియని వారికి ఆసక్తిగా ఉంటుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే పట్టీలో సరిపోతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. రెంటికీ చోటు వదిలితే అసలు అక్షరం చిన్నదైపోతుంది. అందుకే ఇంగ్లీషు పక్కన అదే పట్టీలో తెలుగు రాస్తే మన భాష నీరసంగా కనిపిస్తుంది. పట్టీ ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఈ మాట చెబితే ఏ ఆఫీసరూ వినేవాడు కాదు, రేకు ఖర్చు! సరే, పాత అక్షరాల మీద తెల్లరంగు ఒక పూత వేసి కొత్త పేరు రాశాను. రెండు పూతలకు డబ్బు మంజూరు కాలేదు. రెండో వేసవికల్లా తెలుపు పలచబడి, సంక్షేమం కింద నుంచి నియంత్రణ తొంగిచూసింది. దారిన పోయేవాళ్ళు రెండూ కలిపి చదువుకొని నవ్వుకునేవాళ్ళు.

దీనికి ఎదురు కథ ఒకటి మన ఊరి పొలిమేరలోనే ఉంది. ఆరోగ్యవరం. నా చిన్నతనంలో బస్సు ఆ దగ్గరికి రాగానే జనం ముక్కులకు పైగుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు. క్షయ అంటే చావు అనుకునే రోజులు. క్షయ నివారణకు గుర్తు రెండు అడ్డగీతల ఎర్ర శిలువ. 1902 లో బెర్లిన్‌లో జరిగిన సభలో పారిస్ డాక్టరు గిల్బర్ట్ సెర్సిరాన్ దాన్ని ప్రతిపాదించారు. ఆ జబ్బు మీద యుద్ధం చేస్తున్నాము, యుద్ధానికి జెండా కావాలన్నది ఆలోచన. 1904 లో డెన్మార్కులో ఐనార్ హోల్‌బోల్ అనే తపాలా ఉద్యోగికి ఇంకొక ఆలోచన వచ్చింది. పండుగ ఉత్తరాల మీద తపాలా బిళ్ళ పక్కన చిన్న బిళ్ళ ఒకటి అంటించి, ఆ డబ్బు జబ్బుపడిన పిల్లలకు ఇద్దామని. మొదటి ఏడాదే 40 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ఆరోగ్యవరాన్ని నిలబెట్టిన ఫ్రిమోట్ మోలర్ డాక్టరు గారు కూడా ఆ డెన్మార్కు వారే. మన దేశంలో క్షయ బిళ్ళలు 1950 నుంచి వస్తున్నాయి. మీలో చాలామంది బడిలో కొని ఉంటారు.

మందులు వచ్చాయి. లోపలికి పోయినవాళ్ళు నడిచి బయటికి రావడం మొదలైంది. ముక్కులకు గుడ్డలు తగ్గాయి. నేను ఉద్యోగంలో ఉండగానే ఆ రెండు గీతల శిలువను చూసి, ఇక్కడ చూపిస్తే బాగవుతుంది అని రోగిని చెయ్యి పట్టుకొని తీసుకొచ్చిన వాళ్ళను చూశాను. భయపెట్టిన గుర్తే ధైర్యం చెప్పింది. అక్కడా గీత మారలేదు.

ఇంకొక ముక్క. 1951-52 మొదటి ఎన్నికల్లో చదువు రాని ఓటర్ల కోసం ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఎన్నికల సంఘంలో ఆ గుర్తులు పెన్సిలుతో గీసిన ఉద్యోగి ఎం.ఎస్. సేథీ గారు. 1992 లో రిటైరయ్యారు. ఆయన గీసినవి ఇప్పటికీ బ్యాలెట్ల మీద ఉన్నాయి. త్యాగి గారు ఉద్యోగి, హోల్‌బోల్ ఉద్యోగి, సేథీ గారు ఉద్యోగి. నెల జీతం తీసుకొని, సంతకం పెట్టకుండా బొమ్మ వేసి ఇంటికి పోయినవాళ్ళు. మన సభలో ఈ సంగతి చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటాము? (చప్పట్లు)

2004 లో నేను రిటైరయ్యాను. ఫ్లెక్సులు వచ్చి చేతిరాత పడిపోయింది గాని, నా దగ్గరికి చిన్న చిన్న గిరాకీ వస్తూనే ఉంది. మూడింటి సంగతి చెబుతాను.

పుంగనూరు నుంచి పాలవ్యాపారం చేసే కుర్రవాడు వచ్చాడు. పుంగనూరు ఆవు బొమ్మతో గుర్తు కావాలన్నాడు. వేశాను. చూసి, "బాగుంది పెద్దాయనా, గాని ఇది మా ఆవు కాదు, ఏదో ఆవు" అన్నాడు. నిజమే. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు మూడడుగులే. కాగితం మీద ఒక్క ఆవునే వేస్తే పొట్టిదని ఎట్లా తెలుస్తుంది? పొట్టితనం పక్కన ఇంకొకటి ఉంటేనే గదా. మనిషిని వేస్తే బొమ్మ ఇరుకైంది. చివరికి పక్కన పాల క్యాను పెట్టాను. ఆవు వీపు క్యాను కంటే కాస్త ఎత్తు. తోక నేలను తాకించాను, ఆ జాతి లక్షణం అదే. కొమ్ములు పొట్టిగా, నెలవంకలా. అప్పుడు వాడి తల్లి చూసి, మన గౌరి అంది. అదీ లెక్క.

రెండోది టమోటా మండీ. మన మార్కెట్టులో మండీవాళ్ళు రైతులకు క్రేట్లు ఇస్తారు. ఆ క్రేటు తిరిగి తమ మండీకే రావాలంటే దాని మీద గుర్తు ఉండాలి. ఒకాయన కొడుకు బెంగుళూరులో కంప్యూటరు మీద చేయించుకొని వచ్చాడు. నిగనిగలాడే టమోటా, దాని చుట్టూ వెంట్రుక మందాన ఇంగ్లీషు అక్షరాలు. తెరమీద చూడ ముచ్చటగా ఉంది. రేకు స్టెన్సిల్ కోసి క్రేటు మీద కొడితే ఎర్రటి మరక. తెల్లవారుజామున నాలుగింటికి, బల్బు వెలుగులో, నెత్తిన బరువుతో పరుగెత్తే హమాలీ దాన్ని చదవగలడా? క్రేట్లన్నీ పక్క మండీలో దిగాయి. నేను రెండు తెలుగు అక్షరాలు బొద్దుగా, కింద ఒక పచ్చపట్టీ ఇచ్చాను. తెలుగు స్టెన్సిల్‌లో ఒక చిక్కుంది. సున్న కోస్తే నడుమ రేకు ఊడి పడుతుంది, సున్న కాస్తా బొట్టుబిళ్ళ అవుతుంది. అందుకని పైనా కిందా చిన్న అతుకులు వదలాలి. హమాలీలకు చదువుతో పనిలేదు. పచ్చపట్టీ మనది అంటారు, అంతే. ఆ కుర్రవాడు నా మీద ఇంకా అలిగే ఉన్నాడు.

మూడోది కుప్పంలో టిఫిను హోటలు. కుప్పానికి అటు తమిళం, ఇటు కన్నడం. మూడు భాషల్లో బోర్డు కావాలన్నారు. తెలుగు, కన్నడం పక్కపక్కన రాస్తే అన్నదమ్ముల్లా ఉండి, ఒకటి రెండోదానికి తప్పురాతలా కనిపిస్తుంది. నడుమ తమిళం పెట్టాను. తెలుగును ముందు పెట్టలేదేమని ఎవరూ అడగకుండా పైన పెట్టాను, కన్నడాన్ని అడుగున. అడుగున పెట్టినందుకు కోలారు వైపు నుంచి వచ్చిన ఇంటి కోడలు వారం రోజులు నాకు కాఫీ ఇవ్వలేదు. (నవ్వులు)

మీరు నవంబరులో లైఫ్ సర్టిఫికేట్ కోసం స్టేట్ బ్యాంకుకు పోతారు గదా, ఆ నీలపు గుండ్రం ఏమిటని ఎప్పుడైనా అడిగారా? 1971 లో అహమ్మదాబాదు ఎన్.ఐ.డి. నుంచి శేఖర్ కామత్ గారు రూపొందించారు. కొందరు తాళంకప్ప రంధ్రం అంటారు, కొందరు అహమ్మదాబాదులోని కంకరియా చెరువు అంటారు. మా మనవరాలు తాతయ్య డబ్బులు అంటుంది. గీసినవాళ్ళ అర్థం ఒకటైతే చూసేవాళ్ళ అర్థం వెయ్యి.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

మన సంఘం ఆఫీసు మెట్ల మీద ఇప్పుడున్న బోర్డు నేను రాసిందే. 2006 లో. మూడు సింహాలు దిద్ది దిద్ది వేశాను. రాజ్యాంగ ప్రతికి ఆ సింహాలు గీసిన దీనానాథ్ భార్గవ గారు కలకత్తా జంతుప్రదర్శనశాలకు పోయి సింహాలను చూసి మరీ వేశారట. నేను ఆయన వేసింది చూసి వేశాను. కింద ఇంగ్లీషు పొడి అక్షరాలు ఆరు. అందరూ మెచ్చుకున్నారు, నాకు శాలువా కప్పారు. అసలు మనలాంటి సంఘాలు ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ సింహాలు వాడకూడదని 2005 లోనే చట్టం వచ్చింది. నాకు తెలియదు. తెలియదంటే చట్టం ఒప్పుకోదనుకోండి. ప్రైవేటు డాక్టర్ల బోర్డుల మీద ఎర్ర శిలువ కూడా అట్లాంటిదే. 1960 చట్టం ప్రకారం అది ఎవరంటే వాళ్ళు పెట్టుకొనేది కాదు. అవీ నేను బోలెడు రాశాను.

చట్టం సంగతి పక్కన పెట్టండి. దారం రెండో కొస పట్టుకొన్న మా డ్రైవరు చనిపోయాడు. ఆయన భార్యకు చదువు రాదు. కుటుంబ పింఛను కాగితాల కోసం మన ఆఫీసుకు పొమ్మని ఎవరో చెప్పారు. పుంగనూరు అవతలి పల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. మన వీధిలో అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయింది. మరుసటి నెల మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. మూడోసారి ఎవరో పిల్లవాడు మెట్లెక్కించి తీసుకొచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. "బోర్డు కనపడలేదా అమ్మా?" అన్నాను.

"కనపడిందన్నా. సింగాల బొమ్మ ఉండాది. కోర్టోళ్ళదో పోలీసోళ్ళదో అనుకొని జడుసుకొని ఎనక్కి పోతి. మీరు ఆయన జీపు మీద వేసిన ముక్కోణం అయితే యాడున్నా పోల్చుకుందును" అంది.

మూడు నెలలు ఆమెకు పింఛను లేదు. అందులో రెండు నెలలు నా బోర్డు పుణ్యం.

కార్యవర్గం వారి జాబితాలోవి కాకుండా వేరే ఏదైనా వేద్దామని కూర్చున్నాను. అదీ సులభం కాదు. చెయ్యి, పువ్వు, సైకిలు, ఫ్యాను, ఏనుగు, చివరికి గాజు గ్లాసు కూడా పార్టీలు తీసేసుకున్నాయి. ముసలివాళ్ళం గదా, కళ్ళజోడు వేద్దామంటే గాంధీగారి కళ్ళజోడు 2014 లో స్వచ్ఛ భారత్ వారు పెట్టుకున్నారు. రెండు నమూనాలు మిగిలాయి. ఒకటి గొడుగు. ఎండకైనా వానకైనా మన చేతిలో ఉండేది, నాలుగు గీతల్లో వస్తుంది, సెల్‌ఫోనులో వేలిగోరంత చేసినా గొడుగే. రెండోది మర్రిచెట్టు, ఊడలతో. ఇది అందం, గాని చిన్నది చేస్తే క్యాలీఫ్లవరులా ఉంది, ఉన్నమాట చెబుతున్నాను. పేరు తెలుగులో, రెండే రెండు పదాలు. ఇంగ్లీషు పేరు లెటరుహెడ్డు మీద ఉంటుంది, బోర్డు మీద ఉండదు. సింహాలు ఉండవు. సూర్యుడు ఉండడు. ఠాగూరు గారు క్షమించాలి.

ఓటింగు ఇప్పుడు పెట్టవద్దని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. మనమంతా చదువుకున్నవాళ్ళం, మన ఓటు దీనికి పనికిరాదు. రెండు నమూనాలూ ఒకే కాగితం మీద జిరాక్సు తీయించి కుర్చీల మీద పెట్టించాను. ఇంటికి తీసుకుపోండి. మీ ఇంట్లోనో వీధిలోనో చదువు రాని ఒక్కరికి చూపించండి. బాగుందా అని అడగవద్దు, బాగుందనే అంటారు. ఇదేమిటి, ఈ బొమ్మ ఉన్న చోటికి నువ్వు ఎందుకు పోతావు అని అడగండి. వాళ్ళు ఏమంటే అది, మీరు దిద్దకుండా, కాగితం వెనక రాసుకొని వచ్చే సమావేశానికి తెండి. మా డ్రైవరు భార్యకు నేనే చూపిస్తాను, ఎల్లుండి పుంగనూరు పోతున్నాను.

పాత బోర్డు మీద తెలుపు ఈసారి రెండు పూతలు వేయాలి. ఆ రెండో పూత డబ్బు సంగతి కోశాధికారి గారు ఇప్పుడే, అందరి ముందరే ఒప్పుకుంటే నేను కూర్చుంటాను.